పేజీకి అడ్డంగా ఒక మాట

పెద్దకోడలికి చిన్నకోడలంటే కడుపుమంట. దాచి లాభం లేదు, ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇద్దరిదీ ఒకటే పని: రచయితలు రాసి తెచ్చిన కాగితాలను టైపు చేసి, అచ్చుకు పంపేలా పేజీలు దిద్దడం. ముందుగదిలో ఒకే బల్ల, ఆ చివరొక కంప్యూటరు, ఈ చివరొకటి. పని నేర్పింది పెద్దామె. డబ్బు వచ్చేది చిన్నదానికి. మండదూ మరి!

పెద్దామె దిద్దిన పేజీలో ఒక్క అచ్చుతప్పు దొరికితే ఒట్టు. కానీ ఫైలు చేతికొచ్చేదాకా అమ్మా తల్లీ అనే పెద్దమనుషులు, వచ్చాక ఫోనెత్తరు. డబ్బు అడగాలంటే ఈవిడకు నోరు పెగలదు. అదేమంటే మర్యాద అంటుంది. చిన్నది మాత్రం సగం ముందు పడితే గానీ మొదటి పేజీ ముట్టుకోదు. మిగతా సగం అందేదాకా అచ్చుకు పనికిరాకుండా ప్రతి పేజీకీ అడ్డంగా 'నమూనా' అని బూడిదరంగు అక్షరాలు పరిచే పంపుతుంది. సిగ్గులేని పిల్ల, అనుకునేది పెద్దామె.

ఆమె ఆశంతా రిటైరైన హెడ్మాస్టరు మీదే. ఆయన పుస్తకాలు మూడు చేసిపెట్టింది, పైసా రాలేదు. నాలుగోది ఎనిమిది వందల పేజీల ఆత్మకథ. అది తనకొస్తే పాత బాకీ కూడా కలిపి ఇస్తారని, కూతురి కాలేజీ ఫీజు గట్టెక్కుతుందని నమ్మకం పెట్టుకుంది.

ఆయన రానే వచ్చారు. కాగితాల కట్ట, దాని మీద డబ్బు కవరు, తిన్నగా తీసుకెళ్ళి చిన్నకోడలి ముందు పెట్టారు. పెద్దామె కుర్చీలోంచి లేచి, నా పనిలో ఏం లోపం కనబడిందండీ అని ఎలాగో అడిగింది.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "మీరెప్పుడూ డబ్బు అడగలేదు కదమ్మా. మీకిది కాలక్షేపం అనుకున్నాను. ఇంత పెద్ద పని సరదాకి చేసేవాళ్ళ నెత్తిన ఎలా పెడతాను?"

ఆయన వెళ్ళాక ఆమె ఉక్రోషమంతా చిన్నదాని మీదికి మళ్ళింది. "మొహమాటం లేకుండా అడిగేస్తావు. ఎక్కడ నేర్చావే ఆ తెగువ?"

చిన్నది తలెత్తలేదు. "తెగువేంటక్కా? డబ్బు మాటెత్తాలంటే నాకు చెమటలు పడతాయి. నోటితో అడగలేకే అడ్వాన్సు సంగతి మెసేజీలో పెడతాను, మిగతా డబ్బు కోసం పేజీ మీద 'నమూనా' అని కొట్టేస్తాను."

ఇన్నేళ్ళూ పెద్దామె తనదని గర్వంగా చెప్పుకున్నది ఆ మొహమాటం ఒక్కటే. అదీ ఈ పిల్లకే ఎక్కువట! ఇంతకుముందుకంటే రెండింతలు ఒళ్ళు మండింది. సాయంత్రం పంపాల్సిన ఫైలు ఒకటి తన దగ్గర మిగిలి ఉంది. ఆమె కుర్చీ చిన్నదాని పక్కకు లాక్కుని, ఆ అక్షరాలు ఎలా పరుస్తారో చూపించమంది.