నాలుగింటి ఫోను

నేను క్యాషింగ్ పని చేస్తానని చెబితే మా ఇంటి ఓనరు ఆంటీ నన్ను బ్యాంకు క్యాషియర్ అనుకుంది. చాలా నెలలు అలాగే అనుకుంది. "మరి బ్యాంకుకి వెళ్ళవేంటి బాబూ?" అని ఒకరోజు అడిగాక గానీ నాకా సంగతి తెలియలేదు. అది ఆ క్యాష్ కాదు మొర్రో అన్నాను. పక్కింటావిడ వచ్చి పంచదార ఉందా అని అడిగితే, డబ్బా మూత తీసి చూడకుండా, పొద్దున చూసిన గుర్తుతో ఉందని చెప్పేస్తాం కదా. కంప్యూటరు చేత అలా చెప్పించడం నా పని. ప్రతిసారీ లోపలికి వెళ్ళి వెతుక్కుంటే ఆలస్యమవుతుంది, అందుకని. ఆంటీ కాసేపు ఆలోచించి, "మరి ఈలోగా పంచదార అయిపోతే?" అంది. హైదరాబాదులో మా మేనేజరు కూడా నన్ను ఇంత సూటిగా అడగలేదు.

నందిగామలో ఆంటీ వాళ్ళ పై పోర్షన్‌లో ఉంటాను. కంపెనీ హైదరాబాదులో ఉంది, నేను ఇక్కడున్నాను. మా ఊళ్ళో నెట్ నిలవదు, హైదరాబాదులో నేను నిలవలేకపోయాను. మధ్యాహ్నం మెస్సు నుంచి క్యారేజీ వస్తుంది. తెచ్చే ఆయన బెల్లు కొట్టి, మెట్ల మీద పెట్టి, నేను తలుపు తీసేలోపు వెళ్ళిపోతాడు. రోజంతా చెవులకు హెడ్‌ఫోన్లుంటాయి. మీటింగుల్లో నా మైకు ఆపే ఉంటుంది. పెళ్ళి సంగతి మాత్రం అడగొద్దు, ఆంటీ అడిగేది చాలు.

క్యాషింగ్‌తో పాటు నాకు ఇంకో పని ఉండేది. జట్టులో అందరూ రాసిన కోడు ఒకచోట చేర్చి, నడిచే యాప్‌గా తయారుచేసి, దాన్ని పరీక్షించే ఆవిడకు అందించాలి. అలా తయారైనదాన్ని బిల్డ్ అంటాం. ఆవిడది జగ్గయ్యపేట. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. కాంట్రాక్టు ఉద్యోగం. రోజూ బిల్డ్ అడిగి తీసుకుని, ఒక్కో స్క్రీనూ చేత్తో నొక్కి చూసి, తప్పులు పట్టుకోవాలి. ఆ పని కోసమే ఆవిడను పెట్టుకున్నారు. గంట బస్సు ప్రయాణం దూరంలో ఉండి కూడా మేం ఒకర్నొకరం చూసుకోలేదు. కానీ నాలుగయిందంటే ఫోను మోగాల్సిందే.

"అయిందా అండి?"

"ఇంకో పది నిమిషాలండి."

ఆ పది నిమిషాలూ ఫోను పెట్టేది కాదు మహాతల్లి. వాళ్ళ అత్తగారి మోకాళ్ళ నొప్పులు, మునేటికి నీళ్ళొచ్చిన సంగతి, ఎదురింటి వాళ్ళ మిరపకాయలు కళ్ళంలో తడిసిన సంగతి, అన్నీ చెప్పేది. "మీకేం కూరండి ఇవాళ? మెస్సు సాంబారేనా? ఖర్మ!" అనేది. నేను ఊ కొడుతూ కీబోర్డు టకటకలాడించేవాణ్ణి, పనిలో ఉన్నానని తెలియాలని. ఆవిడకి తెలిసేది కాదు. తెలిసినా పట్టించుకునేది కాదు.

ఒక వారం పట్టుబట్టి కూర్చుని ఆ బిల్డ్ పని మొత్తం ఆటోమేట్ చేసి పారేశాను. ఎవరు కోడు పెట్టినా బిల్డ్ దానంతట అదే తయారవుతుంది. తప్పుల్లో సగం అదే పట్టుకుంటుంది. ఆవిడకి మెసేజ్ కూడా అదే పంపుతుంది. మీటింగులో మేనేజరు నన్ను మెచ్చుకుని అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. కంపెనీ టైము ఆదా చేయడానికి చేశానని చెప్పాను. అబద్ధం. ఆ ఫోను వదిలించుకోవడానికి చేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మళ్ళీ మోగింది.

"అయిందా అండి?"

నాకు తిక్కరేగింది. "అయిందండీ. ఇకనుంచి దానంతట అదే అవుద్ది. మీకు మెసేజ్ కూడా వచ్చేస్తది. మీరింక ఫోను చేసి అడగక్కర్లేదు."

"సరేనండి, మంచిది," అని పెట్టేసింది.

మొదటి వారం హాయిగా ఉంది. రెండో వారం నుంచి నాలుగయ్యేసరికి చెయ్యి ఊరికే ఫోను మీదికి పోయేది. ఒకరోజు పొద్దున ఆంటీ కింద నుంచి పిలిస్తే పలకబోయాను, గొంతు పెగల్లేదు. ముందురోజు పొద్దుటి నుంచి నేను ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడలేదని అప్పుడు తట్టింది. రోజూ నాతో మాట్లాడే మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉండేవారు, ఆ ఒక్కరినీ నోరు మూయించి కూర్చున్నాను. పోనీ నేనే ఫోను చేయొచ్చు కదా? చేసి ఏమనాలి? మీ అత్తగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడగనా? ఇన్నాళ్ళూ ఏనాడూ అడగని మనిషిని.

చివరికి ఒక సిగ్గుమాలిన పని చేశాను. ఆవిడకి వెళ్ళే మెసేజ్‌ని ఆపేశాను. మెసేజ్ రాకపోతే ఫోను చేసి అడుగుతుంది కదా అని. రెండు రోజులు చూశాను. ఫోను లేదు. మానేసిందేమోనని అనుమానం వచ్చి కంపెనీలో మా టీమ్ పేజీ తెరిచాను. ఆకుపచ్చ చీరలో ఆవిడ ఫొటో అక్కడే ఉంది. ఉండి కూడా అడగలేదన్నమాట! ఇంత పంతమా అని ఒళ్ళు మండింది.

మూడో రోజు మేనేజరు నుంచి మెసేజ్ వచ్చింది. "టీమ్ పేజీలో మానేసినవాళ్ళు కూడా ఇంకా కనపడుతున్నారు, కాస్త చూడండి" అని. ఆ పేజీకి క్యాషింగ్ పెట్టింది నేనే. జట్టేమన్నా రోజూ మారుతుందా అని పాత జాబితానే నెలరోజులు చూపించేలా పెట్టాను. దాన్ని తుడిచేసి పేజీ మళ్ళీ తెరిచాను. ఆవిడ లేదు. కాంట్రాక్టు ఆపేసి అప్పటికి మూడు వారాలైందట. రోజూ బిల్డ్ అడిగి చేత్తో చూసే మనిషి అక్కర్లేకపోయింది మరి. అక్కర్లేకుండా చేసింది నేనే. క్యారేజీ మూత కూడా తీయలేదు ఆ పూట.

సాయంత్రం గుండె చిక్కబట్టుకుని ఫోను చేశాను.

"ఆఁ, చెప్పండి! బాగున్నారా?" అంది, ఏమీ జరగనట్టే.

"నాకు తెలీదండి. నిజంగా తెలీదు. ఇవాళే చూసా."

"అయ్యో, దానికేముందిలెండి. ఆదివారం ఖాళీయేనా? ప్రార్థన అయ్యాక ఇంట్లోనే ఉంటాం, రండి. భోంచేసి వెళ్దురుగాని."

ఆదివారం జగ్గయ్యపేట బస్సెక్కాను. వాళ్ళాయన సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీలో ఉన్నారు. హాల్లో మంచం మీద అత్తగారు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఆవిడ నేననుకున్నదానికంటే పొట్టిగా ఉంది, గొంతు మాత్రం అదే. విస్తరి నిండా వడ్డించింది. నేను క్షమాపణ మొదలుపెట్టబోతే సాగనివ్వలేదు.

"మీరేమన్నా కావాలని చేసారా ఏంటి? మీ పని మీరు చేసారు. కానీ ఒకటండి, ఆ రోజు నేను బిల్డ్ గురించి అడగలేదు. ఒంటిగంటన్నరకి బిల్డ్ ఎవరడుగుతారండి? భోజనం అయిందా అని అడిగా. మా ఆయన కోర్టు పని మీద నందిగామ వచ్చారు ఆ రోజు. మీకు గోంగూర పచ్చడి ఇచ్చి పంపా. ఇల్లెక్కడో కనుక్కుందామని ఫోను చేస్తే మీరేమో దానంతట అదే అవుద్దన్నారు!"

"భోజనం దానంతటదే అవుద్దా బాబూ?" అని అత్తగారు చిక్కుడుకాయలు వదిలేసి నవ్వారు. నేనూ నవ్వాను. మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను. రెండేళ్ళు రోజూ బిల్డ్ కోసం అడిగిన మాటనే ఆవిడ ఆ ఒక్కసారి నా భోజనం గురించి అడిగితే, నేను వినకుండా జవాబు చెప్పాను.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆవిడ లాప్‌టాప్, పొడుగు నోటుపుస్తకం తెచ్చి పెట్టుకుని కూర్చుంది.

"ఇంటర్వ్యూకి ఎక్కడికెళ్ళినా ఆటోమేషన్ వచ్చా అంటున్నారండి. మీరు చేసారే, అదే. నాకు కాస్త చెప్తారా?"

ఆవిడ ఉద్యోగం తీసేసిన పనినే ఆవిడకి మొదటి అక్షరం నుంచి నేర్పాను. ఒక్కో మెట్టూ ఎందుకో, ఎక్కడ తప్పు వస్తుందో, వస్తే ఎలా సర్దాలో అన్నీ తెలుగులో రాయించాను. నా బతుకులో ఏ పనీ అంత శ్రద్ధగా చేయలేదు. సాయంత్రం లేచేటప్పుడు, "ఏ డౌటొచ్చినా ఫోను చెయ్యండి, టైము చూడొద్దు," అన్నాను. గుమ్మం దగ్గర ఇంకోసారి అన్నాను. బస్సెక్కాక మెసేజ్ కూడా పెట్టాను. నాలుగింటికైతే ఖాళీగానే ఉంటానని రాసి, బాగుండదని ఆ ముక్క తుడిచేసి మిగతాది పంపాను.

రెండు నెలలు చూశాను, ఫోను రాలేదు. నిన్న మెసేజ్ వచ్చింది. విజయవాడ కంపెనీ ఒకదాంట్లో ఉద్యోగం వచ్చిందట, ఇంటి నుంచే పనట. "అంతా మీ నోట్సు చలవేనండి. అంత విడమరిచి చెప్పారు, నాకు ఒక్క డౌటు కూడా రాలేదు," అని రాసింది.

సంతోషమే. ఒట్టు, సంతోషమే. కానీ ఒక్క డౌటన్నా మిగల్చకుండా అంత బాగా ఎందుకు చెప్పావురా నాయనా అని నా మీద నాకే ఏడుపొచ్చింది.