ఖిలాలో వదినె తాకిన రాయి

మా వదినె రాయికి మొక్కిందని చర్చి సంఘంలో చెప్పింది నేనే. ఆ సంగతి చాలామందికి గుర్తుంది. అందులో నేను మింగేసిన ముక్క ఒకటి ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వదినెది వర్ధన్నపేట దగ్గర మగ్గాల మీద బతికే ఇల్లు. మా అన్నను చేసుకునేటప్పుడు బాప్తిస్మం తీసుకుంది. నేను పుట్టుకతో క్రైస్తవుణ్ణి, కాజీపేట చర్చిలో పెరిగినవాణ్ణి. ఆమె నమ్మకం మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. బతుకమ్మ రోజుల్లో వాకిట్లో కాస్త ఎక్కువసేపు నిలబడితే, పాట కోసమే నిలబడిందనుకునేవాణ్ణి. శుక్రవారం తలస్నానం చేస్తే అదీ మనసులో పెట్టుకునేవాణ్ణి. చర్చిలో పాట ఎత్తుకోవాలంటే మాత్రం ఆమే. అంత గొంతు ఇంకెవరికీ లేదు. బహుశా అది కూడా నాకు గిట్టలేదు.

ఒక సెలవు రోజు చర్చివాళ్లమంతా ఖిలా వరంగల్ చూడటానికి వెళ్లాం. తోరణాల మధ్య గడ్డిలో పాత గుడి శకలాలు పడి ఉంటాయి. విరిగిన స్తంభాలు, తల లేని ఏనుగులు, హంసల వరుసలు. అందరూ ఫోటోలు దిగుతుంటే నేను వదినె వెనకే నడుస్తున్నాను, ఏం చేస్తుందో చూద్దామని. ఎవరో పిలిస్తే ఆమె గబుక్కున వెనక్కి తిరిగింది. చెప్పుకాలు ఒక చెక్కడపు రాయికి తగిలింది. వెంటనే వంగి ఆ రాయిని తాకి, వేళ్లు కళ్లకద్దుకుంది.

తరువాతి ఆదివారం పెద్దల ముందు నేను సగమే చెప్పాను. రాయిని తాకి కళ్లకద్దుకుందన్నాను.

పాస్టరయ్యగారు ఆమెను పిలిపించి మెల్లగానే అడిగారు. కాలు తగిలింది, చెయ్యి అలవాటుగా పోయింది అని చెప్పింది. పెద్దల్లో ఒకాయన, రాయికి దెబ్బ తగిలిందేమో, మందు రాయకపోయావా అని ఎకసెక్కమాడాడు. వదినె నా వైపు తిరిగింది.

"నువ్వు నా ఎన్కనే ఉన్నవ్ గద తమ్మీ. కాలు తాకింది సూసినవా లేదా, చెప్పు."

చూడలేదన్నాను.

పెద్దలు ఆమెను కొన్నాళ్లు ప్రభువు బల్లకు, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారానికి, దూరంగా ఉండమన్నారు, పాటలు వేరేవాళ్లు ఎత్తుకుంటారన్నారు. ఆ గడువు అయిపోయింది. అయినా ఆమె రొట్టె పళ్లెం వస్తే పక్కవాళ్లకు అందించేసేది. పాట ఎత్తుకోలేదు. అన్న నన్నేమీ అడగలేదు. నాతో మాటలు మాత్రం తగ్గించాడు.

మొన్న పరకాల నుంచి చుట్టాలొస్తే వాళ్లకు ఖిలా చూపించడానికి తీసుకెళ్లాను. అవే రాళ్లు. ఫోన్ చూసుకుంటూ నడుస్తుంటే నా కాలు ఒక రాతి హంసకు తగిలింది. తేరుకునే లోపే నా వేళ్లు రాయిని తాకి కళ్ల దగ్గరికి వచ్చేశాయి. వెంటనే చుట్టూ చూశాను, చర్చివాళ్లెవరైనా ఉన్నారేమోనని.

చుట్టాలను బస్సెక్కించాక కూడా ఆ వేళ్లే గుర్తొచ్చాయి. బైబిలు కింద పడితే నేను చేసేదీ ఇదే. మా అమ్మ చేసేది, ఆమెను చూసి నేర్చుకున్నాను. చర్చి గుమ్మం బయట చెప్పులు విడుస్తాం. సిలువ గుర్తున్న పుస్తె కడతాం. వీటికి బైబిల్లో వాక్యం చూపించమని ఇన్నేళ్లలో ఎవరినీ అడగలేదు. వదినెను మాత్రమే తప్పుపట్టాను.

ఆ సాయంత్రమే అన్న ఇంటికి పోయాను. వదినె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆ రోజు కాలు తగలడం చూశానని చెప్పాను. ఆమె తల ఎత్తలేదు.

"సూసినవని నాకు గప్పుడే ఎర్క. నాకు చెప్తే ఏమొస్తది? అబద్ధమాడిన కాడ చెప్పు."

ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి అందరి ముందూ చెప్పాను. ఎకసెక్కమాడిన పెద్దాయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. అయ్యగారు ప్రార్థన చేశారు. 

ఆ తర్వాత బల్ల పెట్టిన రోజున పళ్లెం ఆడవాళ్ల వరుసలోకి వెళ్తుంటే నేను మళ్లీ ఆమెనే కనిపెట్టి చూస్తున్నాను. ఆ బుద్ధి పోలేదు. ఈసారి ఆమె పళ్లెం పక్కకు జరపలేదు. రొట్టె ముక్క తీసుకుంది, కళ్లకద్దుకుంది, నోట్లో వేసుకుంది. నేను చూడాలనే అలా చేసిందా అని నాకు ఇప్పటికీ అనుమానమే. పాట మాత్రం ఇంకా ఎత్తుకోలేదు.