తొక్కు కుండలో కొరికిన గారె

ఆ రోజు నేను సగం కొరికిన గారెను అవ్వ తొక్కు కుండలో ముంచాను. ఈ మాట ఇంత సూటిగా చెప్పడానికి ఇప్పుడు నాకు ఏ కష్టమూ లేదు. ఆ రోజు మాత్రం నోరు పెగలలేదు. పెగలకపోవడానికి ఒక కారణం నోటి నిండా గారె ఉండటం. ఇంకో కారణం నా పిరికితనం.

నందికొండ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న కాలం అది. మాది నేత కుటుంబం. వారమంతా నేసిన పంచెలు, తువ్వాళ్ళు మూటగట్టుకుని బాపు, నేను నకిరేకల్ అంగడికి పోయేవాళ్ళం. నా పెళ్ళయ్యాక నా భార్య కూడా రావడం మొదలుపెట్టింది. "వారమంత నూలు కండెలు చుట్టి చుట్టి చేతులు పడిపోతున్నయి, అంగట్ల గారెలన్న తినిపియ్యవా" అని ఆమె వాదన. బాపు ఎప్పుడూ కోడలి పక్షమే. నేనొక్కడినే వెంట ఉంటే "ఇంటికి పోయి బువ్వ తిందాం" అంటానని, కోడలుంటే ఆయనకూ గారెలు దక్కుతాయని ఆయనకు బాగా తెలుసు.

ఆ గారెలు అమ్మే అవ్వ ఇల్లు అంగడిని ఆనుకునే ఉండేది. ఇంటి ముందు తాటాకు పందిరి, దాని కింద పొయ్యి. బొబ్బెర్లు రుబ్బిన పిండితో గారెలు వేయడం అవ్వ కొడుకు పని. వాటిని మోదుగాకు దొప్పల్లో పెట్టి అందించడం కోడలి పని. తొక్కు మాత్రం అవ్వదే. మా వైపు పచ్చడిని తొక్కు అంటాం. పల్లీలు, పచ్చిమిరపకాయలు, చింతపండు, ఎల్లిగడ్డ రోట్లో దంచి, జారుగా కలిపి, మూతి వెడల్పు కుండలో పోసి, దాని పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. ఎవరు దొప్ప చాపినా తన గంటెతోనే పైనుంచి పోసేది. గంటె దొప్పకు తగలకూడదు, దొప్ప కుండకు తగలకూడదు.

"దూరం పెట్టు కొడుకా. కుండ ఏడికి ఉరకదు" అనేది.

అది అన్ని కులాల వాళ్ళూ, ఆనకట్ట పనికి పోయే కూలీలూ, లారీల వాళ్ళూ పక్కపక్కన కూర్చుని తినే చోటు. అక్కడ ఎవరూ ముఖం చిట్లించకుండా తినేవారంటే అవ్వ గంటె వల్లే. ఆ కుండలో ఎంగిలి పడదని అంగడి అంతటికీ నమ్మకం.

బాపు ఆమెను వదినె అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, వేళాకోళానికి వీలుగా ఉంటుందని పెట్టుకున్న వరస.

"ఏం వదినె, పోయిన వారం తొక్కుల ఉప్పు మరిసినవు?"

"ఉప్పు బాగనే ఏసిన మర్దీ. పండ్లు లేనోనికి రుచి ఏం తెలుస్తది?"

ఇద్దరూ ప్రతి వారం ఇవే మాటలు అనుకుని, ప్రతి వారం కొత్తగా విన్నట్టే నవ్వుకునేవాళ్ళు.

ఆ రోజు పెద్దల అమావాస్య ముందు వచ్చే అంగడి. జనం బాగా ఉన్నారు. మేం పోయేసరికి ముక్కాలిపీట మీద అవ్వ లేదు, కోడలు కూర్చుని ఉంది. చేతిలో గంటె. అవ్వ పక్కన నిలబడి దొప్పలు అందిస్తోంది.

"ఏంది వదినె, రాజ్యం పోయిందా?" అన్నాడు బాపు.

"పోలే, ఇచ్చిన. ఇయ్యాల్టి సంది గంటె నా కోడలిది" అంది అవ్వ.

ఆ కోడలు పాలమూరు వైపు నుంచి వచ్చిన పిల్ల. పుట్టింటి వాళ్ళు దూరం, వచ్చిపోయేవాళ్ళు తక్కువ. పెళ్ళయి వచ్చి చాలా కాలమైనా ఆ ఇంట్లో కొత్తగానే మెలిగేది. నా భార్యకు, ఆమెకు మాటలు బాగా కలిశాయి. "చూసినవా, ఆ పిల్ల మొకం ఎట్ల వెలిగిపోతాందో. అత్త కుండ ఇచ్చిందంటే ఇల్లు ఇచ్చినట్టే" అని నా చెవిలో చెప్పింది నా భార్య. నేను తలూపాను. నా చూపంతా గారెల మీద ఉంది.

నాకు గారె కంటే తొక్కు మీద మోజు ఎక్కువ. పోయించుకున్న తొక్కు అయిపోయింది, మళ్ళీ పోయించుకున్నాను. అదీ అయిపోయింది.

"తొక్కుల గారె తింటున్నవా, గారెల తొక్కు తింటున్నవా? ఇగ కుండకే మూతి పెట్టరాదు" అంది నా భార్య.

"పెడ్తడు పెడ్తడు. చిన్నప్పుడు వీడు గంజి బుడ్డినే నాకిండు" అన్నాడు బాపు. పడుగుకు పట్టించే గంజి అది. నేను నాకిన మాట నిజమే, కానీ ప్రతిచోటా చెప్పవలసినంత విషయం కాదు.

ఇక మళ్ళీ అడిగితే ఇద్దరూ కలిసి నన్ను ఊళ్ళో తిరగనివ్వరని తెలుసు. అప్పటికే గారె సగం కొరికి ఉన్నాను. కుండ నా మోకాలి పక్కనే ఉంది. కోడలు అటు తిరిగి ఎవరో ముసలాయన దొప్పలో తొక్కు పోస్తోంది. అవ్వ పొయ్యి వైపు చూస్తోంది. చెయ్యి చాపి ముంచేశాను. మగ్గం మీద పోగు నడిపే నాడె విసిరినంత సేపు కూడా పట్టలేదు. గారె పైకి తీసి నోట్లో పెట్టుకున్నాక తెలిసింది, ఒక ముక్క విరిగి కుండలోనే ఉండిపోయిందని.

ఆ ముక్క మునిగే ఉంటుందనుకున్నాను. తొక్కు అడుగున చిక్కబడిందేమో చూద్దామని అవ్వ వచ్చి, గంటె తీసుకుని ఒక్కసారి కలిపింది. పంటి గాట్లతో సహా ముక్క తేలి వచ్చింది.

అవ్వ దాన్ని గంటెతో పైకెత్తి కోడలి ముందు పెట్టింది.

"ఏమే, ఆకలైతే ఇంట్లకు పోయి తినొచ్చు గద! గంటె చేతికిచ్చిన్నాడే ఎంగిలి జేస్తివా?"

"నేను గాదత్తా."

"నువ్వు గాకపోతే కుండ దగ్గర ఎవలున్నరే? నేనా?"

"నీ మీద ఒట్టు అత్తా, నేను ముట్టలే."

తింటున్నవాళ్ళంతా ఆగి చూశారు. అవ్వ ఆమె చేతికి మళ్ళీ గంటె ఇవ్వలేదు. కుండ రెండు చేతులా ఎత్తి తీసుకుపోయి వెనక పెంట మీద పారబోసింది. పొద్దున దంచిన తొక్కంతా పోయింది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇంటి గడప పక్కనున్న రోలు దగ్గరికి పోయి గోడ వైపు తిరిగి కూర్చుంది. అవ్వ కొడుకు పొయ్యి మంట తగ్గించాడు. తొక్కు లేకుండా గారెలు ఎవరు తింటారు?

నేను నా నోట్లోది మింగాను. ఏ రుచీ తెలియలేదు.

నా భార్య నా దొప్ప వైపు చూసింది. తర్వాత నా చేతి వైపు చూసింది.

"నీ దొప్పల తొక్కు లేదు. నీ వేళ్ళకు కణుపుల దాంక ఉన్నది. ఏడ్నించొచ్చింది?"

నేను చెయ్యి పంచెకు తుడుచుకోబోయాను. కొత్త పంచె, అమ్మకానికి తెచ్చిన వాటిల్లోదే. అక్కడా మరక పడింది.

"ఊకో. అందరు పోయినంక అవ్వకు మెల్లగ చెప్త" అన్నాను.

"ఆ పిల్లను తిట్టింది అందరి ముందల. నువ్వు చెప్పేది అందరు పోయినంకనా?" అంది. ఆ మాటలో వేళాకోళం లేదు. నా దగ్గర్నుంచి లేచి పోయి, రోలు దగ్గర ఆ పిల్ల పక్కన కూర్చుంది.

బాపు వైపు చూశాను. ఆయన నమలడం ఆపి ఆకాశం వైపు చూస్తున్నాడు. అంటే ఆయన కూడా చూశాడన్నమాట.

లేచి అవ్వ దగ్గరికి పోయాను. అప్పటికి కూడా పూర్తి ధైర్యం రాలేదు. ఆమె చెవి దగ్గరికి వంగి గొణిగాను. నాలుగిళ్ళ అవతల గిన్నె జారితే వినిపించే చెవులు ఆమెవి.

"ఏందీ? జర గట్టిగ చెప్పు కొడుకా. పొయ్యి సప్పుడుకు ఇనొస్తలేదు" అంది.

పొయ్యి అప్పటికే చల్లారుతోంది.

"కుండల గారె ముంచింది నేను. నీ కోడలు గాదు" అన్నాను. ఈసారి గొంతు అనుకున్నదాని కంటే పెద్దగా వచ్చింది. రుమాలు చుట్టుకున్న ఒక పెద్దమనిషి "నేను అప్పుడే అనుకున్న, గంత పెద్ద గాటు గా పిల్ల నోటిది గాదని" అన్నాడు. పందిరంతా నవ్వింది.

"నా కొడుకే. గంజి బుడ్డి సంగతి చెప్తె ఎవలు నమ్మలే" అన్నాడు బాపు.

అవ్వ నవ్వలేదు. "ఎంగిలి జేసినోడే దంచాలె. పో, మోచేతుల దాంక కడుక్కో."

అంగడి మధ్యలో, నడి పొద్దున, మీసాలున్న మగవాడు రోకలి పట్టుకుంటే చూడటానికి జనం రాకుండా ఉంటారా? తువ్వాళ్ళు కొనడానికి రాని వాళ్ళు కూడా అది చూడటానికి వచ్చారు. నా భార్య పల్లీలు వేయించి ఇచ్చింది. నేను దంచాను. మిరపకాయ గింజ ఒకటి ఎగిరి కంట్లో పడింది. ఆ చేత్తోనే రెండు కళ్ళూ నలుపుకున్నాను, దాంతో రెండో కన్ను కూడా మండింది.

"మగ్గం ముందట గింత ఊపు ఎన్నడన్న జూపించినవారా? చూపించి ఉంటే ఈపాటికి మనకు మేడ ఉంటుండె" అని బాపు ఒకటే పొగడ్త. నా భార్య నా కళ్ళలో నీళ్ళు చల్లుతూ "ఏడ్వు, జర పాపం పోతది" అంది.

తొక్కు అయ్యాక అవ్వ గంటెతో ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పెక్కువైంది. నీ కండ్ల నీళ్ళు గిన పడ్డయా?"

పొయ్యి మళ్ళీ మండింది. జనం తిన్నారు. చేసిన తప్పు ఒప్పుకున్నాను, దంచి పెట్టాను, ఇక అంతా సర్దుకుందని నేను లోలోపల సంతోషపడుతూనే ఉన్నాను. మూట కట్టుకుని బయలుదేరేటప్పుడు చూస్తే ముక్కాలిపీట మీద అవ్వే కూర్చుని ఉంది. కోడలు దొప్పలు అందిస్తోంది.

"అవ్వా, ఆమె తప్పు లేదు గద" అన్నాను.

"ముంచింది నువ్వే, ఒప్పుకుంట. కుండ ముందట కూసున్నది ఎవలు? మంది చెయ్యి కానకపోతే గంటె ఎందుకు?"

నేను మూట భుజానికెత్తుకున్నాను. తిరుగుదారిలో నా భార్య నాతో మాట్లాడింది, కానీ అన్నీ నూలు గురించే.

ఆ వారం మగ్గం మీద పంచె అయిపోయాక మిగిలిన పడుగు కోసెయ్యకుండా, ఎర్రనూలు పేకగా వేసి ఒక రైక గుడ్డ నేశాను. నేత అంత గొప్పగా రాలేదు. ఒక అంచు కొంచెం లాగింది. నా భార్య దాన్ని తిప్పి తిప్పి చూసి "తొక్కు మరక లేదు గద, చాలు తియ్యి" అంది.

అంగడి నాడు అందరికంటే ముందే పోయాం. నేను ఎవరూ చెప్పకముందే మోచేతుల దాకా కడుక్కుని రోలు దగ్గర కూర్చున్నాను. నా భార్య ఆ పిల్లకు బొట్టు పెట్టి, రైక గుడ్డ చేతిలో పెట్టి, అవ్వ వినేటట్టు చెప్పింది. "మీ అన్న నేసిండు. పాలమూరు దూరమైతే ఏంది, అంగడి అంగడికి వచ్చే పుట్టిల్లు ఇది."

ఆ పిల్ల గుడ్డను చెంపకు ఆనించుకుంది. అవ్వ చూసీ చూడనట్టు చింతపండు నానబోసుకుంటోంది.

తొక్కు దంచడం అయ్యాక నేను లేచి కుండ పక్కన నేల మీద కూర్చున్నాను. "అవ్వా, గంటె ఆమెకే ఇయ్యి. మంది చేతులు నేను జూస్త" అన్నాను.

"దొంగను కావలి పెట్టిన్రు!" అన్నాడు బాపు.

"దొంగకే తెలుస్తది మర్దీ, చెయ్యి ఏ దిక్కు నుంచి వస్తదో" అంది అవ్వ. నా వైపు, కోడలి వైపు మార్చి మార్చి చూసింది. కొంగుతో గంటె కాడ తుడిచి కోడలి ముందు పెట్టి, ముక్కాలిపీట వదిలి లేచింది.

ఆ రోజంతా నేను అమ్మకం బాపుకు వదిలేసి కుండ దగ్గరే ఉన్నాను. చాపిన ప్రతి చేతినీ చూశాను. ఒక లారీ ఆయన దొప్ప కుండ అంచుకు తగిలించబోతే "దూరం పెట్టు కొడుకా" అని అవ్వ మాటే అనేశాను. ఆయన నాకంటే పెద్దవాడు. పందిరంతా మళ్ళీ నవ్వింది. ఆ తర్వాత కూడా చాలా అంగళ్ళకు ముందే పోయి తొక్కు దంచాను. "ఇగ చాలు, నీ ఉప్పుతోని మంది నీళ్ళకు బాయి కాడికి ఉరుకుతున్నరు" అని అవ్వే మానిపించింది.

గంటె చేతికి తిరిగి వచ్చిన ఆ రోజు, జనం పలచబడ్డాక, ఆ పిల్ల నా ముందు దొప్ప పెట్టి గారెలు వేసింది. అప్పటిదాకా ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. గంటె నిండా తొక్కు ముంచి, పైకెత్తి పట్టుకుని ఆగింది.

"ముందుగాల చేతులు ఎనుకకు పెట్టుకో అన్నా. అప్పుడే పోస్త."

రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, దొప్ప నిండేదాకా అట్లాగే కూర్చున్నాను.