మా కరెంటు మంద విడవలేదు

వేపనూనె వాసన తగిలితే చాలు, ఎనభైకి దగ్గరపడిన సంగతి మరిచిపోయి నా కాళ్లు రెండూ ఎటో పరుగెత్తాలని చూస్తాయి. మొన్న ప్రొద్దుటూరులో మా కింది వాటాలో దిగిన బ్యాంకు కుర్రాడు, తను తెచ్చుకున్న విదేశీ గొర్రెల కుక్కకు చెవుల వెనక ఆ నూనే రాస్తున్నాడు. అది చెప్పులు కొరికేసిందట, పరుపు చింపేసిందట, వచ్చిన చుట్టాల పిల్లలనందరినీ ఓ మూలకు తోసి నిలబెట్టిందట. "పిచ్చి పట్టిందేమో తాతా" అన్నాడు. పిచ్చి కాదు నాయనా, దానికి పని లేదు.

మాకూ ఒకటి ఉండేది. దాని గురించి నేను మనవళ్లకు చెప్పింది వేరు. ఐదు వందల గొర్రెల మందను ఒంటిగా తోలేదనీ, గండికోట మీద నిలబడి మొరిగితే జమ్మలమడుగులో పిల్లలు ఉలిక్కిపడి లేచేవారనీ, చివరికి తోడేలుతో పోరాడి ప్రాణం విడిచిందనీ చెప్పాను. గొర్రెలు అరవై. గండికోటను అది చూడనే లేదు. తోడేలు సంగతి కూడా చెప్తాను, కాస్త ధైర్యం కూడగట్టుకోనివ్వండి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. పెద్దముడియం దగ్గర మా పల్లెకు ఇంకా కరెంటు దీపాలు రాలేదు కానీ, జమ్మలమడుగులో తీగ ముట్టుకుని ఎవరో ఎగిరిపడ్డారన్న వార్త మాత్రం వచ్చింది. ఆ వారమే పులివెందుల వైపు నుంచి మా జేజినాయన, అంటే తాత, ఒక ఎర్రకుక్క పిల్లను చంకలో పెట్టుకుని తెచ్చాడు. దించీ దించగానే అది మా అవ్వ జేజి పెంచే కోళ్లనన్నిటినీ తరిమి తరిమి గాదె కిందికి చేర్చింది, వాటితోపాటు నన్నూ. "దీన్ని తాకితే కొడ్తాదప్పా" అన్నాడు జేజినాయన. అలా దానికి కరెంటు అని పేరు పడింది.

దానికి నిలకడ అన్నది లేదు. నిద్రలో కూడా కాళ్లు పరుగు తీసేవి. తెల్లారగానే వంక దాకా రెండు చుట్లు పరుగెత్తించి, ఆయాసం తీరాకే జొన్నసంగటి ముద్దను మజ్జిగలో పిసికి పెట్టేవాడు జేజినాయన. పొద్దు వాలాక ఆయన దాని పాదాలు ఒళ్లో పెట్టుకుని పల్లేరుముళ్లు ఏరుతుంటే, జేజి చెవుల్లో పిడుదులు తీసి, మెడ నిండా వేపనూనె పట్టించేది. ఇంట్లో జేజినాయన పెట్టింది ఒకే కట్టుబాటు. "దాన్ని మాత్రం కట్టేయాకురా. పని లేకుంటే దాని బుర్ర దాన్నే తినేస్తాది."

మరుసటి ఏడు ముంగారు వానలు తొలకరికి కురిసి, తర్వాత మొహం చాటేశాయి. మోకాలెత్తు లేచిన జొన్న వాడి ముడుచుకుపోయింది. వాడిన లేతజొన్న విషం. నాలుగు పరకలు మేస్తే గొర్రె నిలబడ్డచోటే కూలిపోతుంది. అందుకే కరెంటు పొద్దస్తమానం చేను గట్టు మీద అటూ ఇటూ ఉరుకుతూ, ఒక్క మూతిని కూడా ఆ పచ్చదనం వైపు తిరగనిచ్చేది కాదు.

అప్పుడే పీర్ల పండగ వచ్చింది. పీర్ల చావిడి ముందు నిప్పుల గుండం, తప్పెట్లు, ఊదు పొగ, బెల్లం పానకం, చేతికి అంటుకునే మలీదా ముద్దలు. నా స్నేహితుడు మస్తాను, పరుపులు కుట్టేవాళ్ల కొడుకు, నేను కరెంటు గొప్పలు మొదలుపెట్టగానే నవ్వాడు.

"నీ మాటలు జల్లెడ పడితే పొట్టే మిగుల్తాది. అంత మొనగాడైన కుక్కయితే ఈడికి పట్కరా, చూస్తాం!"

చేనికి పోయాను. జేజినాయన తుమ్మచెట్టు కింద కునుకు తీస్తున్నాడు. పిలిస్తే కరెంటు రాలేదు. బెల్లం చూపించాను, రాలేదు. గొర్రెల వైపు చూసి నా వైపు చూసి మళ్లీ గట్టెక్కింది. చివరికి మెడకు తాడు బిగించి ఊళ్లోకి ఈడ్చుకొచ్చి, చావిడి మలుపులో ఎవరూ చూడకముందే విప్పేశాను.

గుండం దగ్గర అది నా మానం నిలబెట్టింది. నిప్పుల దగ్గరికి ఉరికే పిల్లలను చుట్టుతిరిగి వెనక్కు తోస్తూ ఉంటే ఊరంతా నవ్వింది, మస్తాను నోరు తెరిచాడు. అంత గొప్పగా నేను మళ్లీ ఎప్పుడూ లేను. పానకం ముంత చేతిలో ఉండగానే, చేల వైపు నుంచి ఎవరో కేకలేస్తూ వచ్చారు. మా గొర్రెలు జొన్నలో పడ్డాయి. నాలుగు సూడి గొర్రెలు చచ్చాయి.

"ఇది మందనిడిసి యాడికి పోయినాదిరా?" అన్నాడు జేజినాయన.

"నా ఎనకాలే వచ్చినాది జేజినాయనా. తరిమినా పోలే."

ఆ సాయంత్రం నూనె రాస్తున్న జేజి చెయ్యి దాని మెడ దగ్గర ఆగింది. "ఈడ ఎంటికలు లేసిపోయినాయి. ఏందిరా ఇది?"

"కంప గీసుకునుంటాది" అన్నాను.

మంద విడిచిన కుక్కను మళ్లీ అదే మందలో పెట్టకపోవడం మా గొర్రెలవాళ్ల కట్టు. నాలుగోనాడు, మేత వెతుక్కుంటూ నల్లమలకు పోతున్న ఒక కాపరికి జేజినాయన దాన్ని ఇచ్చేశాడు. కొత్త మందను అది క్షణంలో కదిలించింది. అంతలో ఆగింది. వెనక్కు ఉరికొచ్చి, నా వెనక చేరి, ముక్కుతో నా పిక్క మీద పొడిచింది. మంద వైపు తోసింది. నేను కదలలేదు. పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ తోసింది.

"ఈ పిల్లోడు రాకుంటే మంద కదిలేట్టు లేదే మామా!" అని కాపరి నవ్వాడు.

జేజినాయన నవ్వలేదు. నా మొహంలోకే చూస్తున్నాడు. "ఏమన్నా చెప్పేదుంటే ఇప్పుడే చెప్పురా."

"ఏం లేదు."

కాపరి దాని మెడకు తాడు వేశాడు. సరిగ్గా ఆ గుర్తు మీదే.

కాబట్టి తోడేలు లేదు. ఆ కథలో పళ్లు దిగేసింది నేనే. జేజినాయన ఆ తర్వాత ఇంకో కుక్కను తేలేదు, మూడేళ్లకు మంద అమ్మేశాడు. ఇప్పుడు ఆ చేను చుట్టూ ముళ్లతీగ ఉంది, వంక పూడిపోయింది, మా పల్లెలో పాదం ఒళ్లో పెట్టుకుని ముళ్లు తీసేవాళ్లెవరూ లేరు.

నిన్న పొద్దున కుర్రాణ్ని అడిగి, ఆ విదేశీ కుక్కను పెన్న ఇసుకలోకి తీసుకుపోయి బెల్టు విప్పేశాను. అది గాలిలా పోయి, పెద్ద చుట్టు తిరిగి, నా వెనక చేరి పిక్క మీద ముక్కుతో పొడిచింది.

ఈసారి అది తోసిన వైపే నడిచాను.