గాలి పండుకున్నాక

ఆ పొద్దున మేడం ఇంటి కిటికీ గట్టు మీద చేయి ఆనించి నిలబడ్డాను. తీసి చూస్తే వేళ్లకు దుమ్ము అంటింది. ఎర్రటి, మామూలు మట్టి దుమ్ము. లోపల ఆడవాళ్లు ఏడుస్తున్నారు. నేను వేళ్లను చూసుకుంటూ నిలబడిపోయాను.

సూర్యాపేట కాన్వెంటులో నాకు ఫిజిక్స్ చెప్పిన మేడం చనిపోయారు. తెల్లవారుతుండగా ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయింది బిడ్డా" అని ఫోన్ పెట్టేశాడు. నేను కోదాడలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ కిరాయి గదిలో ఉంటున్నాను. మొదటి బస్సు ఎక్కి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వచ్చాను. దారి పొడవునా ఏడుపు రాలేదు. ఇప్పటికీ సరిగా రాలేదు. అందుకే రాస్తున్నాను.

బడిలో నేను మాట్లాడేదాన్ని కాదు. హాజరు పలకడానికి కూడా గొంతు పెగిలేది కాదు. మిగతా టీచర్లు దాన్ని ఒక జబ్బులా చూసేవారు. కాన్వెంటు నియమం ప్రకారం మేడం పాఠం ఇంగ్లీషులోనే చెప్పేవారు. బెంచీ దగ్గరికి వచ్చి వంగినప్పుడు మాత్రం మా ఇళ్లలో మాట్లాడుకునే మాట వచ్చేది. ఒకరోజు అలాగే వంగి, "నువ్వు మాట్లాడవు. మంచిదే. మాట్లాడనోళ్లకు జర ఎక్కువ ఇనబడతది" అన్నారు. అప్పటిదాకా నా మౌనాన్ని ఎవరూ మంచిదనలేదు.

పదో తరగతి సెలవుల్లో నన్నూ ఇంకో ఇద్దరినీ వాడపల్లి దగ్గర తమ చుట్టాలింటికి తీసుకుపోయారు. అక్కడికి కొంత దూరంలో సిమెంటు ఫ్యాక్టరీకి రాయి తీసే క్వారీ ఉంది. రోజూ మధ్యాహ్నం పేలుస్తారు. మేడం మమ్మల్ని వరండాలో నేల మీద కూర్చోబెట్టి, స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి ముందు పెట్టి, అరచేయి నేలకు ఆనించమన్నారు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అరచేతి కింద ఎవరో లోపలి నుంచి తట్టినట్టయింది. పళ్లెంలో నీళ్లు ముడతలు పడ్డాయి. ఆ తర్వాత గానీ చప్పుడు రాలేదు.

"ముందు నేల చెప్పింది, ఎనక గాలి చెప్పింది. నడుమ ఎంత సందుంటే గంత దూరం" అన్నారు. ఎటు వైపు నుంచి వచ్చిందో చెప్పమని నన్ను అడిగారు. నేను చప్పుడు వినబడిన వైపు, కృష్ణా నది వైపు, చూపించాను. మేడం నవ్వారు. "చెవి మాట ఇన్నవు. నేల ఎటు నూకిందో సూడలే."

నేను హైదరాబాదులో భూభౌతిక శాస్త్రం చదవడానికి కారణం ఆ పళ్లెమే.

అక్కడ చివరి ఏడాది నా ప్రాజెక్టు అంగారకుడి కంపాల మీద. ఆ గ్రహం మీద దింపబోయే ఒకే ఒక్క యంత్రం అక్కడి నేల కదలికల్ని వినాలి. వినేవాళ్లకు ముందే అలవాటు కావాలని శాస్త్రవేత్తలు కంప్యూటరులో ఒక కల్పిత రికార్డు తయారుచేశారు. అక్కడి గాలి రొద, దుమ్ము సుడులు, ఎండకూ చలికీ యంత్రం చేసే చప్పుళ్లు అన్నీ అందులో కలిపి, నడుమ కొన్ని కంపాలు దాచారు. అవి ఎక్కడున్నాయో వెతికి పట్టుకోవాలి. మా గైడ్ రికార్డు నాకిచ్చి, జవాబులు తన దగ్గరే పెట్టుకున్నారు.

అప్పటికి మేడం రిటైరై మిర్యాలగూడలో సొంత ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. పెళ్లి చేసుకోలేదు. ఇంటికి ఎదురుగా రైసు మిల్లు. దాని బాయిలర్ బూడిద ఆరేసిన బట్టల మీద, గట్ల మీద, మంచినీళ్ల మీద నల్లగా పడేది. సెలవు దొరికినప్పుడల్లా నేను లాప్‌టాప్ పట్టుకుని వచ్చేదాన్ని. మేడం ముందు తడిగుడ్డతో బల్ల తుడిచి, తర్వాత కూర్చునేవారు. ఆ వీధిలో అందరూ దగ్గేవారు. దాన్ని మిల్లు దగ్గు అనేవారు. మేడం కూడా గీతలు చూస్తూ చూస్తూ దగ్గి, నీళ్లు తాగి, "మిల్లు" అని మళ్లీ తెర వైపు తిరిగేవారు.

అంగారకుడి మీద పగలంతా గాలి. సాయంత్రానికి తగ్గుతుంది. అప్పుడు రికార్డులో గీత సన్నబడి తాడులా సాఫీగా సాగుతుంది. నేను పగటి గీతల్లో తల దూర్చి పరేషాన్ అవుతుంటే, "గాలి పండుకున్నాక సూడు" అనేవారు. ఆ సన్నటి గీతలో ఒకచోట చిన్న వణుకు, కాసేపటికి ఇంకొకటి. రెండో వణుకు వస్తే తప్ప అది కంపమని ఆమె ఒప్పుకునేవారు కాదు. రెంటి మధ్య సందు దూరం చెబుతుంది. మొదటి వణుకు నేలను ఎటు నెట్టిందో చూస్తే దిక్కు తెలుస్తుంది.

గ్రహం బొమ్మ లేదు కాబట్టి మేడం బత్తాయి తీసుకున్నారు. యంత్రం ఉన్నచోట గుండుసూది గుచ్చి, దానికి దారం కట్టి, దూరమంత దారంతో పెన్ను పట్టి గుండ్రంగా గీసేవారు. తర్వాత దిక్కు గీత. రెండూ కలిసిన చోట చుక్క పెట్టి, నన్ను చూడమని పండు చేతికిచ్చేవారు. నేను చూసి రాసుకున్నాక తొక్క తీసి చెరిసగం తినేవాళ్లం. "ఇయ్యాల్టి మార్స్ జర పుల్లగున్నది" అనేవారు. నా బతుకులో అంత సంతోషంగా పని చేసిన రోజులు మళ్లీ రాలేదు.

ప్రాజెక్టు రాసేటప్పుడు, పగటి వేళల్లో కంపాలు లేవు అని ఒక వాక్యం రాశాను. మేడం దాన్ని కొట్టేయించారు. "దొరకలేదని రాయి. లేదని రాయకు."

అలాగే రాశాను. గైడ్ జవాబులు బయటపెట్టారు. సాయంత్రపు చిన్న కంపాలు చాలావరకు మేం పట్టుకున్నాం. దాచినవాటిలో అన్నిటికంటే పెద్దది మాత్రం పోయింది. అది మిట్టమధ్యాహ్నం గాలిలో ఉంది. చెప్పాక చూస్తే ఎవరికైనా కనబడేంత పెద్దది. మేడంకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. నాకు మార్కులు బాగానే వచ్చాయని, గైడ్ మెచ్చుకున్నారని కూడా అన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు. "పెద్దదే పోయింది. దానికి గాలి అని పేరు పెట్టినం. ఇగ దాని దిక్కు సూడలే" అన్నారు.

తర్వాత నాకు కోదాడలో ఉద్యోగం వచ్చింది. ఆదివారాలు ఫోన్ చేసేదాన్ని. దగ్గు వినబడేది. ఏమైంది మేడం అంటే, "ఏముంటది బిడ్డా, మిల్లు" అనేవారు. పెద్దవూర నుంచి తమ్ముడు వచ్చినప్పుడల్లా తేనె తెచ్చేవాడు. వీధి చివరి డాక్టరు సిరప్ రాశాడు. ఊపిరి ఆడక మెట్ల మీద కూర్చుండిపోతున్నారని తెలిసినా, మిల్లుకు ఎదురుగా ఇల్లు కదా అని మా అమ్మ కూడా అంది. మేడం బరువు తగ్గారు. వయసు అనుకున్నాం.

ఒకరోజు బొత్తిగా ఊపిరి అందకపోతే తమ్ముడు హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయాడు. నేనూ వెళ్లాను. డాక్టరు స్కాన్ చూపిస్తూ ఊపిరితిత్తిలో గడ్డ ఎక్కడుందో, ఎక్కడెక్కడికి పాకిందో చెప్పాడు. మేడం ముందుకు వంగి, మా బెంచీ దగ్గర వంగినట్టే, శ్రద్ధగా చూశారు. ఎప్పుడు మొదలైందని అడిగారు. అది చెప్పలేమమ్మా, చాలా కాలం నుంచే ఉండి ఉంటుంది, అన్నాడు డాక్టరు.

బయట బెంచీ మీద కూర్చున్నాక నా వైపు తిరిగి, "ప్లేస్ దొరికింది. టైమే దొరకలే" అని నవ్వారు. ఆ నవ్వు దగ్గయింది. ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. తమ్ముడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ తర్వాత చేయగలిగింది ఏమీ లేకపోయింది. మందులు ఇచ్చారు, ఇంటికి పంపారు. నేను ప్రతి ఆదివారం వచ్చాను. బత్తాయిలు తెస్తే మేడం ఒకటి చేతిలో పట్టుకుని వాసన చూసేవారు. మింగుడు పడేది కాదు. ఏదైనా చదివి వినిపించనా అని చివరిసారి అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపారు. "ఇగ చాలు. ఏం ఇనబడ్తలేదు" అన్నారు. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే. దాన్ని ఇంకోలా గుర్తుపెట్టుకోవాలని చూశాను. కుదరలేదు.

ఆ కల్పిత రికార్డులో కంపాలు దాచినవాళ్లు ఉన్నారు. వెతికినవాళ్లు ఓడినా, ఎక్కడ తప్పారో చివరికి వాళ్లు చూపించారు. మేడం విషయంలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఏ నెలలో చూసి ఉంటే దొరికేదో నాకు ఎప్పటికీ తెలియదు.

మగవాళ్లు దహనం చేసి వచ్చి స్నానాలు చేశాక ఇంటి ముందు మెట్ల మీద కూర్చున్నాం. ఆమె తమ్ముడు తువ్వాలతో తల తుడుచుకుంటూ ఉండి, ఉన్నట్టుండి చేయి ఆపేశాడు. అతనికి పెద్దవూరలో గొర్లున్నాయి.

"మందల ఒక్క గొర్రె దగ్గితే ఆ పొద్దే పక్కకు తీసి కడత బిడ్డా. అక్క ఏండ్లకేండ్లు దగ్గింది. మిల్లని ఊకున్న."

పక్కింటామె వచ్చి మా ఇద్దరికీ నీళ్లిచ్చింది. "మిల్లే తిన్నది టీచరమ్మను" అంది. అతను తల ఊపాడు. నేనూ ఊపాను.

నీళ్లు తాగుతూ ఎదురుగా చూశాను. మిల్లు గేటు సందులోంచి సర్కారు తుమ్మ కొమ్మలు రోడ్డు మీదికి వచ్చాయి. గొలుసుకు వేసిన తాళం తుప్పు పట్టింది. ఆ మిల్లు మూతపడి రెండేళ్లయింది.