గుంతకల్లు వేగంలో ఒక బ్లూస్ పాట

అనంతపురం పాతూరులో మాది బట్టల కొట్టు. నాకున్న పిచ్చి మాత్రం బట్టలకు సంబంధించింది కాదు. ఇంచుమించు వందేళ్ల కిందట అమెరికాలో నల్లజాతి కళాకారులు వాయించిన తొలి జాజ్ పియానో, అక్కడి ఆడవాళ్లు గుండె విప్పి పాడిన బ్లూస్ నాకు ప్రాణం. అసలు రికార్డులు నాలాంటి వాడికి అందేవి కావు. వాటిని శుభ్రం చేసి చాలా ఏళ్ల తర్వాత మళ్లీ విడుదల చేసిన ఎల్పీ రికార్డులే నేను ఏరుకునేది. అందులో మూడు భాగాల పియానో సెట్టు ఒకటుంది. మొదటిదీ మూడోదీ దొరికి పదకొండేళ్లయింది, రెండోది లేదు. "నడిమి పన్ను ఊడిన నోరు మాదిరి ఉండాది నీ అల్మారా," అంటుంది మా ఆవిడ. అది నిజమే కాబట్టి కోపం కూడా వస్తుంది.

పోయిన నెల ఈ బ్లాగు చదివే ఒక రైల్వే ఉద్యోగి గుంతకల్లు నుంచి ఫొటో పంపాడు. పక్కింటి మార్తమ్మ గారి గూట్లో ఏడెనిమిది రికార్డులు, వాటి నడుమ నా రెండో భాగం! ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మరుసటి రోజు ఆయన ఫోనులోనే ఆమెతో మాట్లాడాను. ధర అడిగితే ఆమె నవ్వింది. "దుడ్లు నాకేంటికప్పా? నీ దగ్గర ఫలానా పాట ఉండాదంట. అది తెచ్చి వినిపించు. మా ఇంట్లో పాడిన ఆయమ్మ గొంతే అయితే, నీ పియానో రికార్డు నువ్వు తీసుకపో," అంది. పాట పేరు ఆ ఉద్యోగే చెప్పాడు; అది నా దగ్గర ఉన్న బ్లూస్ రికార్డులో మొదటి వైపు నాలుగోది. ఇంత సులువా అనుకున్నాను.

అనంతపురం నుంచి గుంతకల్లుకు రైలే మేలు. బస్సులో గుత్తి మీదుగా పోవచ్చు గానీ రికార్డులు పట్టుకుని ఆ కుదుపుల్లో కూర్చోలేం. పొద్దున ఏడు దాటాక రైలెక్కాను, టికెట్టు యాభై రూపాయల లోపే. గంటన్నర ప్రయాణం. రైళ్ల వేళలు మారుతుంటాయి, ముందురోజు చూసుకోండి. ఒడిలో సూట్‌కేసు లాంటి చిన్న రికార్డు ప్లేయరు, అందులోనే స్పీకరు. గార్లదిన్నె దాటాక వేరుశనగ చేలు బెత్తెడు ఎత్తులోనే వాడి నిలబడ్డాయి. పెన్న వంతెన కింద ఇసుకలో గొర్రెలు నడుస్తున్నాయి. ఎదుటి సీటు పెద్దాయన కిటికీలోంచి చూసి, "ఇంగ పది దినాల్లో వాన పడకపోతే గొర్రెలకే," అని కళ్లు మూసుకున్నాడు.

గుంతకల్లులో దిగగానే స్టేషను బయట ఉగ్గాని, బజ్జీ తినండి. ప్లేటు నలభై. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి చేసే ఈ తిండి మా జిల్లా వాళ్లకు కొత్త కాదు గానీ, ఇక్కడి మిరపకాయ బజ్జీ కారం వేరు. బండి దగ్గరి ఆమె నా పెట్టె చూసి, "టైలరా అన్నా?" అంది. ఆటో అతనూ అదే అడిగాడు.

"పెట్టెలో కుట్టుమిషనా అన్నా?"

"కాదు, పాటల మిషన్."

"బ్లూటూత్ ఉండాదా?"

"లేదు."

"మరి ఏంటికన్నా ఇంత మోత?"

పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. రైల్వే కాలనీ వెనక వీధికి అరవై రూపాయలు తీసుకున్నాడు.

మార్తమ్మ గారికి డెబ్బై దాటాయి. రెండు గదుల ఇల్లు, గుమ్మం పక్కన వేపపుల్లల కట్ట. రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. భర్త డీజిల్ షెడ్డులో ఫిట్టరు, పోయి నాలుగేళ్లు. రికార్డులు ఆయనవే. బెంగళూరికి మారిపోతూ ఒక పాత ఇంజన్ డ్రైవరు ఇచ్చిపోయాడట. "ఇంగ్లీషు మాకేం వచ్చు? ఆయన ఐదుకు డ్యూటీ దిగి వచ్చినాక కాళ్లు కడుక్కొని ఆ పాట పెట్టుకుంటాండె. నేను బియ్యం ఏరతా వింటాంటి," అంది. నన్ను తన కుడివైపు కూర్చోమంది. ఎడమ చెవి పోయిందట, కుడిది సగమేనట. "డాక్టరు ఇది గూడా నిలబడదన్నాడు. అందుకే బిరీన రమ్మన్నా," అంది, కరెంటు బిల్లు సంగతి చెప్పినంత మామూలుగా.

గోడ మీద భర్త ఫొటో పక్కన ఒక రికార్డు వేలాడుతోంది. అంచులు కాలిన అప్పడంలా వంకర్లు పోయాయి. నేను దాన్ని చూడడం ఆమె చూసింది.

"అదే ఆ పాట. దుమ్ము పట్టిందని సబ్బుతో కడిగి, వడియాల పక్కన మిద్దె మీద ఆరబెడితి. మే నెల. మధ్యాహ్నానికి అట్లయిపాయ. ఆయన వచ్చి చూసినాడు. తిట్టింటే బాగుండు. నగి, 'వడియాలు ఎండినాయా మార్తా?' అన్నాడు. ఆ తర్వాత రెండేండ్లు బతికినాడు, ఆ పాట లేకనే పాయ."

ఆ మాటతో పియానో రికార్డు సంగతి నా తలలోంచి కాసేపు జారిపోయింది. పెట్టె తెరిచి, నా రికార్డు తుడిచి, నాలుగో పాట మీద సూది పెట్టాను. పియానో నాలుగు మెట్లు దిగింది, గాయని గొంతు ఎత్తుకుంది. మార్తమ్మ కుడిచెవి స్పీకరు వైపు వంచి కళ్లు మూసుకుంది. సగం కూడా కాకముందే కళ్లు తెరిచింది.

"ఇది ఆయమ్మ కాదు."

"అదే పాటమ్మా. అదే మనిషి. చూడండి, అట్ట మీద పేరు."

"పేరు నాకేం తెలుసప్పా? ఈమె పడుచుపిల్ల, యాడికో పోవల్లని తొందరపడతాండాది. మా ఆమెది బరువు గొంతు. నిదానంగా వస్తాండె."

నాకు రోషం వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఏరుతున్నవాణ్ణి. ఏ పాట ఏ వేగంలో తిరగాలో నాకు చెప్తుందా! నిమిషానికి ముప్పైమూడు చుట్లూ, ఇంకో చుట్టులో మూడో వంతూ అని లెక్క కూడా చెప్పాను. ఆమె ఓపికగా విని, "అట్లనా," అంది. ఆ "అట్లనా" తర్వాత నా లెక్క నాకే వెర్రిగా వినబడింది. ఆమె ముఖంలో మాత్రం నాతో వాదన లేదు. చివరి బస్సు వెళ్లిపోయాక స్టాండులో నిలబడ్డ మనిషి ముఖం అది.

మళ్లీ పెట్టాను. మళ్లీ కాదంది. ఏమీ తోచక, వాళ్ల పాత మిషన్ ఉందా అని అడిగాను. మంచం కింద నుంచి లాగి, కొంగుతో తుడిచి ఇచ్చింది. మోటారు ఎప్పుడో కాలిపోయింది. తిరిగే పళ్లెం ఎత్తి చూశాను. కింద రబ్బరు బెల్టు ఉండాల్సిన చోట నీలం దారంతో కుట్టిన తెల్లటి ఎలాస్టిక్!

"అదా? అసలుది తెగిపాయ. ఊర్లో దొరకలేదు. ఆయన చెల్లెలు రాయదుర్గంలో జీన్స్ కుడతాండె, ప్యాంటు నడుముకేసే ఎలాస్టిక్ తెచ్చిచ్చె. ఈయన కుట్టినాడు. ఇరవై ఏండ్లు అదే."

నవ్వాను. బట్టల కొట్టు వాణ్ణి కదా, ఆ ఎలాస్టిక్ ఏ రకమో చూస్తే తెలుస్తుంది, ఎంత సాగిందో కూడా తెలుస్తుంది. వేళ్ల మధ్య లాగితే తిరిగి రాలేదు. అప్పుడు నా నవ్వు ఆగింది. బెల్టు వదులైతే పళ్లెం జారుతుంది, నిదానంగా తిరుగుతుంది. ఇరవై ఏళ్లపాటు ఈ ఇంట్లో ఆ గాయని నిదానంగానే పాడింది.

ఇంతవరకు తిరుగుతున్న రికార్డును నేను వేలితో ముట్టుకోలేదు. మా ఆవిడ ముట్టుకుంటే ఇల్లు అదిరిపోయేది. ఆ రోజు సూది పెట్టి, పళ్లెం అంచుకు చూపుడువేలు మెల్లగా ఆనించాను. గొంతు కిందికి దిగింది.

"ఇంకొంచెం," అంది మార్తమ్మ.

ఇంకొంచెం ఒత్తాను. నా వేలు వణికినప్పుడల్లా పాట కూడా వణికింది. తప్పు చేసినట్టు ఆమె వైపు చూశాను.

"ఆ... ఆడనే! ఆ వణుకుడే. కదలొద్దప్పా."

కదల్లేదు. మార్తమ్మ పెదవులు కదిలాయి. మాటలు ఇంగ్లీషు కాదు, తెలుగూ కాదు. విని విని నోటికి పట్టిన శబ్దాలు. ఒక్క విరుపు తప్పలేదు. నా రికార్డులో చిటపటలాడే చోటు కన్నా ముందే ఒకచోట తల ఊపింది. అక్కడ వాళ్ల రికార్డుకు గీత ఉండేదేమో. నాకు కళ్లు నిండాయి, తుడుచుకుంటే వేలు కదులుతుందని అలాగే ఉండిపోయాను. పాట అయిపోయాక ఆమె ఫొటో వైపు తిరిగి, "వడియాలు ఎండినాయిలే," అంది. అంతే.

మళ్లీ పెట్టమంది. మూడోసారికి వేలి కొన ఎర్రబడింది. నాలుగోసారికి బుద్ధి వచ్చింది. నా మిషన్ పళ్లెం ఎత్తి రబ్బరు బెల్టు తీసేసి, ఆయన కుట్టిన ఎలాస్టిక్ తగిలించాను. కాస్త వదులైంది. మాకు కావలసింది ఆ వదులే. పాట ఎవరి వేలూ లేకుండా, అదే నిదానంతో, అదే వణుకుతో నడిచింది. మార్తమ్మ లేచి చేట తెచ్చుకుని, బియ్యం పోసుకుని కూర్చుంది.

ఆమె చేతిని ఆపి ఆ ఎలాస్టిక్‌ను మళ్లీ విప్పే ధైర్యం నాకు లేదు. సూది ఎత్తడం, పెట్టడం రెండుసార్లు చేయించి చూపించాను. మిషన్, నా బ్లూస్ రికార్డు అక్కడే వదిలేశాను. ఆమె రెండో భాగాన్ని పాత దిండు గలీబులో చుట్టి ఇచ్చింది. "ఎండలో పెట్టొద్దు నాయనా," అంది గుమ్మం దగ్గర. మధ్యాహ్నం మూడు దాటాక రైలు దొరికింది.

ఇంటికొచ్చి నా పెద్ద మిషన్‌లో పియానో రికార్డు పెట్టాను. పదకొండేళ్ల ఎదురుచూపు. వేగం సరిగ్గా ఉంది, శబ్దం శుభ్రంగా ఉంది, అల్మారాకు పన్ను వచ్చింది. అయినా ఎక్కడో తొందరపడుతున్నట్టే ఉంది. వందేళ్ల కిందటి రికార్డింగు యంత్రాలన్నీ ఒకే వేగంతో తిరిగేవి కావనీ, మళ్లీ విడుదల చేసేటప్పుడు అంచనాతో సరిచేస్తారనీ నాకు ముందే తెలుసు. చదివినదే. కానీ అది వేరేవాళ్ల రికార్డులకే వర్తిస్తుందని అనుకునేవాణ్ణి. అట్టను కింద పెట్టి, పళ్లెం అంచుకు వేలు ఆనించి కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి చూసింది. "రికార్డును ముట్టుకుంటాండావు! జొరమొచ్చిందా?" అంది. పక్కన కూర్చోమన్నాను, కూర్చుంది.

పాత రికార్డుల కోసం గుంతకల్లు వైపు వెళ్లేవాళ్లకు ఒకటే సలహా. పొద్దున రైలు పట్టుకోండి, తిరుగు టికెట్టు ముందే తీసుకోకండి, సంచిలో ఒక బెల్టు అదనంగా పెట్టుకోండి. రికార్డు ఎలా ఉందో చూసే ముందు, దాన్ని ఇంట్లో ఏ మిషన్ మీద విన్నారో అడగండి. నిన్న సాయంత్రం ఆ రైల్వే ఉద్యోగి మెసేజ్ పెట్టాడు: "మార్తమ్మకు ఇంగ వినబడడం లేదన్నా. అయినా దినామూ ఐదుకు పెడతాది. స్పీకరు మీద చెయ్యి పెట్టుకొని, వేగం సరిగానే ఉండాదంటాది."