చూడకుండా చెప్పని నర్సింలు

2022లో జిన్నారం దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ఆపరేటర్లకు ఇంగ్లిష్ నేర్పడానికి కుదిరాను. నెల రోజుల్లో ఆడిట్ ఉంది. అంటే, సరుకు కొనే విదేశీ కంపెనీవాళ్లు వచ్చి ప్లాంటు తనిఖీ చేస్తారు. వాళ్ల ప్రశ్నలకు సరిగ్గా జవాబిస్తే పర్మనెంట్ చేస్తామని నర్సింలు అనే ఆపరేటరుకు మాటిచ్చారు. పాపం, పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు.

మొదటి పాఠం అడ్జెక్టివ్, మన విశేషణం. అది నామవాచకానికి ముందైనా రావచ్చు, 'ఈజ్' తర్వాతైనా రావచ్చు. 'క్లీన్ రియాక్టర్' అనొచ్చు, 'ది రియాక్టర్ ఈజ్ క్లీన్' అనొచ్చు. రియాక్టర్ అంటే మందు ముడిసరుకు తయారయ్యే పెద్ద స్టీలు పాత్ర. పాఠం దాని ముందే పెట్టాను. మొదటిది నర్సింలు గడగడా చెప్పాడు. రెండోది చెప్పమంటే రియాక్టర్ మూత వైపు చూశాడు.

"ఏమైంది నర్సింలూ?"

"లోపట సూడలే గద సార్. క్లీన్ అన్న మాట ముందట పెడ్తే పేరు లెక్క. ఎనక పెడ్తే నేను సాక్ష్యం జెప్పినట్టాయె."

"ఇది ప్రాక్టీసేనయ్యా!"

"గదే సార్. సూడకుంట జెప్పుడు అలవాటైతదని భయం."

ముప్పై ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, ఈ ఆలోచన నాకెప్పుడూ తట్టలేదు. అయినా పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది, విసుక్కున్నాను. అతను మాత్రం రోజూ మూత తీసి, టార్చి వేసి చూశాకే ఆ వాక్యం పలికేవాడు.

ఆడిట్ రోజు వచ్చిన అధికారి 'క్లీన్డ్' అని లేబుల్ కట్టిన రియాక్టర్ చూపించి, శుభ్రంగా ఉందా అని ఇంగ్లిష్‌లో అడిగాడు. నర్సింలు "వన్ మినిట్ సార్" అని మూత తీశాడు. టార్చి వేసి చూసి, తలెత్తి, "ది రియాక్టర్ ఈజ్ వెట్" అన్నాడు.

అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. పూర్తిగా ఆరాకే లేబుల్ కట్టాలి, ముందు షిఫ్టువాళ్లు తొందరపడ్డారు. మేనేజరు మొహం మాడిపోయింది. పదకొండేళ్ల కష్టం గంగలో కలిసిందనుకున్నాను.

క్యాంటీన్లో అడిగాను, "నౌకరీ పోతుందని భయం కాలేదా?"

"అయింది సార్. గా మందు ఎవరో ఒకలు మింగుతరు గద."

సాయంత్రం మీటింగులో అధికారి ఆ తడిని లోపం కిందే రాశాడు. రాశాక, తమ సరుకు నర్సింలు చేతే చేయించమని అడిగాడు. పర్మనెంట్ కాగితం ఆ వారమే వచ్చింది.

ఇప్పుడు నా క్లాసులో ఎవరైనా "చూసి చెప్తా సార్" అంటే ఆగుతాను. ఇదివరకు మార్కులు కోసేవాణ్ణి.